తిరిగి ఇవ్వని కేకు

నెరీడా చెయ్యెత్తింది.

హాలులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. రేకుల కప్పు మీద వాన దబదబా కొడుతోంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ నిశ్శబ్దానికి ఎవరైనా లేచి బయటికి వెళ్ళిపోయేవారు.

"నాలుగు వందల యాభై డాలర్లు," అంది ఆమె, అందరికీ వినపడేలా.

వేలం బల్ల వెనక డూగీ చేతిలో సుత్తి గాలిలోనే ఆగిపోయింది. గొర్రెల సంతలో ఊపిరి తీసుకోకుండా పాట పాడించే మనిషి, మొదటిసారి మాట దొరక్క దగ్గాడు.

తలుపు దగ్గర సాసేజ్‌లు కాలుస్తున్న రోరీ చేతిలోని పట్టకారు పక్కన పెట్టేశాడు. ఉల్లిపాయలు మాడిపోతున్నాయి. అతను చూసుకోలేదు.

అమ్మకానికి ఉన్నది ఒక ఫ్రూట్ కేకు.

బ్రిండల్ క్రీక్‌లో మంటలార్పే దళానికి జీతగాళ్ళు లేరు. గొర్రెలు కాసేవాళ్ళు, కంచెలు వేసేవాళ్ళు, బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు, వీళ్ళే సైరన్ మోగగానే పసుపు కోట్లు తొడుక్కుని ట్యాంకర్ ఎక్కుతారు. గొట్టం చిరిగినా, పంపు పాడైనా, ప్రతి చలికాలం ఈ హాలులో జరిగే వేలమే ఆధారం. అందులో చివరి పాట కేకుది. కొన్నవాళ్ళు డబ్బు కట్టి, కేకును బల్ల మీదే వదిలేసి, "మళ్ళీ అమ్మండి" అంటారు. అలా ఒక్క కేకే పది చేతులు మారుతుంది. తాతల నాటి ఆనవాయితీ.

నాలుగేళ్ళుగా ఆ కేకు కూడా మారలేదు. అది రోరీ తల్లి ఊనా చేసిన కేకు. ఆకురాలు కాలంలో చేసి, ఓడ బొమ్మ ఉన్న ఎర్ర రేకు డబ్బాలో పెట్టి మూత బిగించింది. వేలం రోజు వచ్చేసరికి ఆమె లేదు. ఆ రోజు పది మందీ పాడి, పది మందీ తిరిగి ఇచ్చాక, చివరికి ఆమె భర్త, దళం కెప్టెన్ ఆలిక్ చెయ్యెత్తాడు. ఆయన మీద ఎవరూ పాడలేదు. ఆయన డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, మరుసటి ఏడు మళ్ళీ తెచ్చాడు. ఏడాదికొకసారి మూత తీసి ఒక చెంచా బ్రాందీ పోస్తాడు. ఆ పూట వంటింట్లో ఊనా ఉన్నప్పటి వాసన వస్తుంది. రోరీ ఎక్కడ పనిలో ఉన్నా ఆ పూటకు ఇంటికి వచ్చేస్తాడు.

చివరి పాట కెప్టెన్‌దే అని ఎక్కడా రాసి లేదు. ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండు నెలల కిందట ఊరికి వచ్చిన నర్సు నెరీడాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"నాలుగు వందల యాభై... ఒకటోసారి," అని డూగీ సాగదీశాడు. "రెండో... సారి... కెప్టెన్?"

ముందు వరసలో ఆలిక్ చెయ్యి సగం ఎత్తి ఉంది. ఆయన వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూశాడు. చిన్నగా నవ్వాడు. చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నెరీడా వచ్చి డబ్బా పట్టుకుంది. డూగీ అవతలి అంచు వదల్లేదు. "అమ్మాయ్, ఇక్కడ మామూలుగా ఏం చేస్తామంటే..."

"డూగీ, ఇచ్చెయ్," అన్నాడు ఆలిక్.

ఆమె డబ్బా గుండెలకు హత్తుకుని, కోటు తల మీద కప్పుకుని, వానలోకి పరుగెత్తింది. నూరు మంది ఆమె వీపు వైపు చూస్తూ కూర్చున్నారు.

"నాన్నా, ఆవిడకు తెలీదు. నేను చెప్పి తెస్తా."

"వదిలెయ్ రా. పాట పాటే. ఆ అమ్మాయి కొనుక్కుంది."

"అది అమ్మ కేకు!"

ఆలిక్ కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకటి తప్పి పెట్టాడు, చివరికి వచ్చేసరికి గుండీ మిగిలింది. "ఎవరి కేకో నాకు తెలుసు రా," అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే రోరీ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కేకు కోసం వచ్చాను."

నెరీడా తలుపు సగమే తెరిచింది. ఒక కాలికి మేజోడు ఉంది, రెండో కాలికి లేదు. "తెల్లారకుండానా? ఇంత ఆకలి మీదున్న మనిషిని నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు."

"ఆకలి కాదు. మీరు దాన్ని తిరిగి ఇచ్చెయ్యాల్సింది."

"డబ్బు కట్టాను కదా?"

"కట్టాలి. కట్టి తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఇదెక్కడి బేరమండీ! కొన్నది ఇంటికి తెచ్చుకోకూడదా?"

"కూడదు."

"మరి నేను ఎత్తుకెళ్తుంటే అంతమంది ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదేం?"

"మర్యాద."

"మీ ఊరి మర్యాద నిన్న చూశాన్లెండి!" ఆమె తలుపు పూర్తిగా తెరిచింది, పోట్లాటకు చోటు కావాలన్నట్టు. "పంపు కోసం ఆ పెద్దాయన ఒక్కడే చెయ్యెత్తుకుని కూర్చుంటే, ఒక్కరంటే ఒక్కరు పాట పెంచరా? జేబులు కుట్టేసుకున్నారా అందరూ? నాకు ఒళ్ళు మండింది. నేను పెంచితే ఆయన ఇంకాస్త పెంచుతాడు, మీకే నాలుగు డబ్బులు వస్తాయి అనుకున్నా. ఆయనేమో చెయ్యి దించేశాడు! ఈ నెలంతా నేను గంజి తాగాలి, తెలుసా?"

రోరీ టోపీ తీశాడు. తీసి, చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"ఆ పెద్దాయన మా నాన్న," అన్నాడు. "ఆ కేకు మా అమ్మ చేసింది. చివరిసారి. అందుకే ఎవరూ ఆయన మీద పాడరు."

లోపల కెటిల్ ఈల వేయడం మొదలుపెట్టింది. ఆమె వెళ్ళి దించలేదు.

"నిన్నే కోసేశాను," అంది.

"మొత్తమా?"

"నా పేషెంట్ విన్నీకి తీసుకెళ్ళాను. కొండ కింద ఇంట్లో ఉంటుంది, విన్నీ... మీకు తెలిసే ఉంటుంది. మూడు వారాలుగా రెండు చెంచాల సూప్ తప్ప ఏమీ ముట్టడం లేదు. ఏం తినాలనుందని అడిగితే, బ్రాందీతో తడిసిన కేకు అంది. నాకు వండడం రాదు. నిన్న బల్ల మీద అది కనిపించింది..." ఆమె రెండో మేజోడు తొడుక్కుంది. "పదండి. మిగిలింది తెచ్చేసుకుందాం."

ఇద్దరూ రోరీ బండిలో బయలుదేరారు. అద్దం తుడిచే పుల్ల ఒకటే పనిచేస్తోంది, అది కూడా అతని వైపుది కాదు. అతను మెడ వంచి ఆమె వైపు అద్దంలోంచి దారి చూస్తున్నాడు.

"ఏదో ఒకటి తిట్టండి. ఇలా ఊరుకోకండి," అంది నెరీడా.

"తిట్లు రావడం లేదు."

"నేర్పిస్తాను కావాలంటే. నాకు బాగా వచ్చు."

అతనికి నవ్వు రాబోయింది. కోపంగా ఉండాలని గుర్తు చేసుకున్నాడు.

*

విన్నీ కిటికీ పక్కన దిండ్ల మీద ఒరిగి ఉంది. మనిషి సగమైంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో ఒక మూల కొరికిన కేకు ముక్క. కింది పెదవికి నల్లటి ఎండుద్రాక్ష తొక్క అంటుకుని ఉంది.

"ఊనా కొడుకువి కదూ? రారా," అంది. "ఇది మీ అమ్మదే. మీ అమ్మ ఎండుద్రాక్షలు టీ నీళ్ళలో నానబెట్టేది, చిక్కటి టీ. ఊళ్ళో ఎంతమంది అడిగినా చెప్పలేదు. నాకొక్కదానికే చెప్పింది. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. 'వచ్చావా ఊనా' అన్నాను. పాపం, ఈ పిల్ల బెదిరి తలుపు వైపు చూసింది."

ఆమె నవ్వింది. నవ్వుకు ఆయాసం వచ్చింది. నెరీడా దిండు సర్దింది.

"నువ్వు తిన్నావా?" అంది విన్నీ.

"లేదు."

"నాలుగేళ్ళు ఇంట్లో పెట్టుకుని తినలేదా? ఏం మనుషుల్రా మీరు!" ఫోర్కు మీద ఒక ముక్క ఎత్తి అతని వైపు చాచింది. చెయ్యి ఎక్కువసేపు నిలవదని తెలుస్తూనే ఉంది. రోరీ గబగబా ముందుకు వంగి నోరు తెరిచాడు.

అల్లం. మాడీ మాడని చక్కెర. నారింజ తొక్క. అన్నిటి వెనక ఎక్కడో చేదుగా, చిక్కగా, టీ.

బడి నుంచి తడిసి వచ్చిన సాయంత్రాలు, వేడి పొయ్యి ముందు ఆరేసిన మేజోళ్ళు, "చేతులు కడుక్కో ముందు" అన్న గొంతు. అతను కిటికీ వైపు తిరిగాడు. భుజాలు తన మాట వినడం లేదు.

నెరీడా లేచి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పింది. కడగడానికి అక్కడ ఒక్క గిన్నె కూడా లేదు. నీళ్ళు మాత్రం చాలాసేపు పెద్దగా చప్పుడు చేస్తూ పారాయి.

ఆ నీళ్ళ చప్పుడును రోరీ తరవాత ఎన్నోసార్లు తలుచుకున్నాడు.

వెళ్ళేటప్పుడు విన్నీ బేరం తేల్చేసింది. "మీ నాన్నకు ఒక ముక్క పట్టుకెళ్ళు. మిగిలింది నాది. ఆ పిల్ల డబ్బు పెట్టి కొని నాకిచ్చింది, మీ ఆనవాయితీ నాకు చెప్పకు." రోరీ చెప్పలేదు. మిగిలిన కేకును పింగాణీ పళ్ళెంలోకి తీసి, పైన గిన్నె బోర్లించాడు.

బండి దగ్గర నెరీడా ఎర్ర డబ్బా అతని చేతికిచ్చింది. "కడగలేదు," అంది. "కడిగి ఇవ్వడం పద్ధతి అని తెలుసు. మూత తీసి చూశాను, వాసన ఇంకా... చెయ్యి రాలేదు."

అప్పటికి అతని కోపం ఎక్కడ జారిపోయిందో వెతికినా దొరకలేదు.

*

ఆలిక్ పళ్ళెంలో ముక్క వైపు చూస్తూ కూర్చున్నాడు. రోరీ జరిగిందంతా చెప్పాడు, కుళాయి సంగతి తప్ప.

"ఆవిడకు డబ్బు తిరిగి ఇచ్చేద్దాం నాన్నా. నువ్వు ఇంకో యాభై పెంచి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నీ దగ్గర లేకపోతే నన్ను అడగాల్సింది."

"డబ్బు లేక కాదు రా."

"మరి?"

ఆలిక్ ఫోర్కుతో ముక్కను సరిగ్గా రెండు చేశాడు.

"మొదటి ఏడు చెయ్యెత్తింది నిజంగా కావాలనే," అన్నాడు. "రెండో ఏడు ఎత్తుతూ అనుకున్నాను, ఎవరైనా నా మీద పాడితే బాగుండు అని. ఎవరూ పాడలేదు. మూడో ఏడూ, నాలుగో ఏడూ అంతే. అందరూ మంచివాళ్ళు. నన్ను చూసి అందరూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. నేనే తీసుకెళ్ళి కోసేయొచ్చు. కత్తి తీసేవాణ్ణి. మళ్ళీ డబ్బా మూసేసేవాణ్ణి. నా చేతుల్లోంచి ఎవరో ఒకరు లాక్కోవాలి రా అది. నిన్న ఆ పిల్ల లాక్కుంది."

ఆయన సగం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా, చాలాసేపు నమిలాడు.

"కాస్త పొడిబారింది," అన్నాడు.

"లేదు నాన్నా."

"లేదులే," అన్నాడు ఆలిక్. మిగిలిన సగాన్ని కొడుకు వైపు జరిపి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఖాళీ డబ్బా మాత్రం అల్మరా పైకే వెళ్ళింది. అప్పుడప్పుడు, రోరీ గొర్రెల దొడ్డి వైపు వెళ్ళినప్పుడు, వంటింట్లో మూత తెరిచిన చప్పుడు వినిపించేది. అతను కాసేపు ఆగి లోపలికి వచ్చేవాడు.

*

విన్నీ రోజుకొక పలుచటి ముక్క తిన్నది. రోరీ ఆమె ఇంటి కంచె బాగు చేయడానికని వెళ్ళేవాడు. ఆ కంచెకు ఏమీ కాలేదు.

"ఈ స్తంభం నిన్న కూడా పాతారు మీరు," అనేది నెరీడా.

"నిన్న వంకరగా పాతాను."

"నిన్నటిదే తిన్నగా ఉంది."

లోపల్నుంచి విన్నీ దగ్గు వినిపించేది. అది నవ్వని ఇద్దరికీ తెలుసు.

కేకు అయిపోయిన వారానికి, వాటిల్ చెట్లు పసుపు పూలు తొడుక్కుంటున్నప్పుడు, విన్నీ నిద్రలోనే వెళ్ళిపోయింది. సమాధి దగ్గర నెరీడా ఏడవలేదు. అందరూ వెళ్ళాక, "ఆఖరి ముక్క సగమే తిన్నది. 'ఇది నీకు' అని నా నోట్లో పెట్టింది," అంది, అప్పుడు ఏడ్చింది. రోరీ దగ్గర ఆ క్షణానికి తిప్పడానికి కుళాయి లేదు. తన టోపీ తీసి, ఆమె ముఖం ఎవరికీ కనపడకుండా అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఏడు వేసవి గట్టిగా వచ్చింది. దక్షిణాన ఉన్న ఆ దేశంలో జనవరే నడివేసవి. ఆ నెలలో ఒక మధ్యాహ్నం ఉత్తరపు కొండ అంటుకుంది. స్టేషన్‌లో రేడియో ముందు ఊనా కూర్చునే కుర్చీలో నాలుగేళ్ళుగా ఎవరో ఒకరు వంతులవారీగా కూర్చుంటున్నారు. ఆ రోజు అందరూ మంటల మీదికి వెళ్ళిపోతే, నెరీడా వచ్చి కూర్చుంది. రేడియోలో పేర్లు వాడకూడదు, ట్యాంకర్ నంబర్లే వాడాలి, అని ఆలిక్ వెళ్తూ వెళ్తూ చెప్పాడు. ఆమె బుద్ధిగా నంబర్లే పిలిచింది, గాలి తిరిగేదాకా.

గాలి తిరిగింది. రోరీ ట్యాంకర్ పొగలో కనపడకుండా పోయింది. ఆమె నంబర్ పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది.

"రోరీ!" అంది ఆ తరవాత. జిల్లాలోని ట్యాంకర్లన్నీ విన్నాయి. "రోరీ, ఎక్కడున్నావ్? ఆ కొండ తగలబడితే తగలబడనీ. తిరిగి రా. వింటున్నావా? నువ్వు ముందు తిరిగి రా!"

చెవిలో గరగరమని ఆ గొంతు పడినప్పుడు రోరీ గొట్టం పట్టుకుని ఉన్నాడు. కొత్త పంపు ఆగకుండా కొడుతోంది. పాతదయితే ఆ వేడికి ఎప్పుడో నిలిచిపోయేది. ఆ నీటి తెర చాటున ట్యాంకర్ వాళ్ళు నలుగురూ కొండ దిగారు.

ఆ తరవాత నెల రోజులపాటు ఊళ్ళో ఎవరు ఎదురుపడినా, "రోరీ, తిరిగి రా!" అని సన్నటి గొంతుతో పిలిచేవారు. డూగీ అయితే గొర్రెల సంతలో మైకులోనే పిలిచాడు.

*

మళ్ళీ చలికాలం. మళ్ళీ వేలం. ఈసారి పొగలో వాడే శ్వాస తొడుగుల కోసం. వాన మామూలుగానే రేకులు బాదుతోంది.

చివరికి డూగీ కేకు బల్ల మీదికి తెచ్చాడు. అది చూసి రోరీ పట్టకారు వదిలేశాడు.

ఎర్ర డబ్బా. ఓడ బొమ్మ.

"అయ్యలారా, అమ్మలారా! మన నర్సమ్మ మొట్టమొదటి కేకు! నడుం కుంగింది, అంచులు మాడాయి, అయినా ధైర్యం చేసి పాడండి! ఆసుపత్రి ఖర్చు ఆవిడే చూసుకుంటుంది!"

"డూగీ, నీ తరవాతి సూది మొద్దుదే ఎంచుతా," అంది నెరీడా వెనక వరస నుంచి.

పది మంది పాడారు. పది మందీ "మళ్ళీ అమ్మండి" అన్నారు, కొందరు ఆ మాట మరీ తొందరగా అన్నారు. అప్పుడు రోరీ చెయ్యెత్తాడు.

అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. డూగీ మర్యాదగా సుత్తి ఎత్తాడు.

"ఇంకో యాభై," అన్నాడు ముందు వరస నుంచి ఆలిక్.

"నాన్నా!"

"పాట పాటే రా. ఈ ఊళ్ళో మర్యాద మరీ ఎక్కువైంది."

రోరీ పెంచాడు. ఆలిక్ పెంచాడు. ఊరంతా బల్లలు చరుస్తోంది. కొడుకు కంచెల డబ్బంతా ఊడ్చుకుపోయే దాకా పాడించి, అప్పుడు ఆలిక్ వెనక్కి తిరిగి చూసి, చిన్నగా నవ్వి, చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అయితే మళ్ళీ అమ్మనా?" అన్నాడు డూగీ.

"అమ్మొద్దు," అన్నాడు రోరీ. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది తిరిగి ఇవ్వను."

"తింటే పళ్ళు ఊడతాయి. ముందే చెబుతున్నా," అంది నెరీడా.

"ఈ పూటకు అందరికీ తలా ముక్క. ఒకటి మాత్రం దాచాలి. పెళ్ళికి కావాలి."

"ఎవరి పెళ్ళికి?"

"నీకు వీలున్న రోజు చెప్పు. ఎవరిదో అప్పుడు చెబుతా."

నవ్వులు రేకుల కప్పును తాకాయి. నెరీడా నవ్వలేదు. ఆమె కళ్ళు నిండిపోయాయి. "ఆదివారాలు ఖాళీయే," అంది చివరికి.

రోరీ బల్ల దగ్గరికి వెళ్ళి డబ్బా మూత తీశాడు. బ్రాందీ వాసన, మాడిన అంచుల వాసన. ఇంకేమీ లేదు. అతను లోపలి గోడను వేలితో తడిమాడు. రేకు నున్నగా, చల్లగా ఉంది. తల ఎత్తి చూస్తే తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు.

"కడిగేశావా?" అన్నాడు రోరీ, ఇద్దరికే వినపడేలా.

"అమ్మాయి తన కేకు పెట్టడానికి డబ్బా వెతుక్కుంటోంది. నేనే ఇచ్చాను." ఆలిక్ ఆ ఓడ బొమ్మ వైపే చూస్తున్నాడు. "ఒక్కసారి కడిగితే పోలేదు రా. వేడినీళ్ళు పోసినా పోలేదు. తరవాత ఎండలో పెట్టాను."

రోరీ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి ఆయన కోటు గుండీలన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి.

ఆలిక్ కత్తి తీసి నెరీడా చేతిలో పెట్టి, ఒక పళ్ళెం చాచాడు.

"కొయ్యమ్మా. ముందు నాకు."